జాబితాలో లేని పేరు

1998లో నేను హనుమకొండలో పదో తరగతి చదువుతున్నప్పుడు మా బడి స్టోర్‌రూమ్‌లో ఒకే ఒక్క షాట్‌పుట్ గుండు ఉండేది. నాలుగు కిలోల ఇనుప గుండు అది. వానాకాలంలో దానికి తుప్పు పట్టేది. గుండును దవడ కింద మెడకు ఆనించి పట్టుకోవాలి కాబట్టి ఆ తుప్పంతా నా యూనిఫాం కాలరుకు అంటుకునేది, ఆ మరక వదలక అమ్మ నన్ను రోజూ తిట్టేది. ఆ ఏడాది జోనల్ పోటీలకు వెళ్లి, సున్నంతో గీసిన వలయం దగ్గర వరుసలో నిలబడ్డాక, మా పీఈటీ సారు వచ్చి "బిడ్డా, లిస్టుల నీ పేరు రాలే" అన్నారు. ఎవరో నా పేరు ఎక్కించడం మరిచిపోయారు. అందరూ వెళ్లిపోయాక సారు నాతో ఒకసారి వేయించి, టేపు పెట్టి కొలిచారు. 8 మీటర్ల 40 సెంటీమీటర్లు వచ్చింది కానీ, అది ఏ కాగితం మీదికీ ఎక్కలేదు.

2012 ఆగస్టులో లండన్ ఒలింపిక్స్ వార్తలు చదువుతుంటే న్యూజిలాండ్‌కు చెందిన వలెరీ ఆడమ్స్ పేరు షాట్‌పుట్ పోటీదారుల జాబితాలో లేదన్న సంగతి కనిపించింది. అప్పటికే ఆమె ఒలింపిక్ విజేత. ఆమె పేరు నమోదు చేయడం జట్టు నిర్వాహకులే మరిచిపోయారట. చివరి క్షణంలో దానిని సరిదిద్దారు. పదునాలుగేళ్ల నాటి నా ఏడుపు గుర్తుకొచ్చి, ఆ రోజు నుంచి ఆమె గురించి దొరికినదల్లా చదవడం మొదలుపెట్టాను.

ఆమె 1984లో రోటొరువాలో పుట్టింది. తల్లి టోంగా దేశస్థురాలు, తండ్రి ఇంగ్లండ్ నుంచి వచ్చినవాడు. బాస్కెట్‌బాల్ ఆటగాడు స్టీవెన్ ఆడమ్స్ ఆమె తమ్ముడే. ఎత్తు 193 సెంటీమీటర్లు. అంత ఎత్తుంటే చాలు, గుండు దానంతటదే పోతుందని చూసేవాళ్లు అనుకుంటారు. అది ఎంత అబద్ధమో ఆ వలయంలో నిలబడితే గాని తెలియదు. దాని అడ్డుకొలత 2.135 మీటర్లు మాత్రమే. మా సారు మాకు నేర్పిన గ్లైడ్ పద్ధతే వలెరీది కూడా. గుండు పడవలసిన దిక్కుకు వీపు పెట్టి, ఒంటికాలి మీద వంగి, రెండో కాలిని వెనక్కు తన్నుతూ ఆ వలయంలోనే జారి, ముందున్న అడ్డుచెక్క దగ్గర ఒక్కసారిగా లేవాలి. బలం పాదంలో పుట్టి, నడుము మీదుగా భుజానికి చేరి, చివరికి వేళ్ల నుంచి వెళుతుంది. గుండు ఉండవలసింది అరచేతిలో కాదు, వేళ్ల మొదళ్ల మీద. నిజానికి ఇది విసరడం కాదు, నెట్టడం. చెక్క మీద కాలు పడినా, వలయం ముందు భాగం నుంచి బయటికి వచ్చినా ఫౌలే.

పదిహేనేళ్ల వయసులో తల్లిని పోగొట్టుకున్న ఆ పిల్ల 2001లో ప్రపంచ యూత్ చాంపియన్, 2002లో ప్రపంచ జూనియర్ చాంపియన్ అయింది. 2007లో ఒసాకాలో మొదటి ప్రపంచ టైటిల్, 2008లో బీజింగ్‌లో 20.56 మీటర్లతో ఒలింపిక్ స్వర్ణం ఆమెకు దక్కాయి. పదేళ్లకు పైగా తనకు శిక్షణ ఇచ్చిన కిర్‌స్టెన్ హెల్లియర్‌తో 2010లో విడిపోయి, కొంతకాలానికి స్విట్జర్లాండ్‌కు చెందిన జాన్ పియర్ ఎగ్గర్ దగ్గర చేరింది. 2011లో డేగూ ప్రపంచ పోటీల్లో ఆమె వేసిన 21.24 మీటర్లే ఆమె జీవితంలో అత్యుత్తమం. 2010 నుంచి 2015 వరకు వరుసగా 56 పోటీలు గెలిచిందంటే, ఎదుటివాళ్లు ఎంతకాలం రెండో స్థానం కోసమే వలయంలోకి దిగి ఉంటారో ఊహించుకోవచ్చు.

లండన్‌లో మాత్రం 20.70 మీటర్లతో ఆమె రెండో స్థానంలో నిలిచింది. బెలారుస్‌కు చెందిన నద్‌జేయా ఓస్టాప్‌చుక్ 21.36 మీటర్లతో గెలిచింది. వారం తిరిగేసరికి ఓస్టాప్‌చుక్ నిషిద్ధ ఉత్ప్రేరకం వాడినట్టు తేలి, ఆమె పతకం రద్దయింది. వలెరీ ఆ స్వర్ణాన్ని సెప్టెంబరులో ఆక్లాండ్‌లో అందుకుంది. సొంత ఊరి జనం మధ్య అందుకోవడం కూడా గొప్పే అంటారు గాని, ఎనభై వేల మంది ఉన్న స్టేడియంలో మోగవలసిన జాతీయగీతాన్ని ఆరు వారాల తర్వాత మోగిస్తే లెక్క సరిపోయిందనడం నాకు నచ్చదు. 2005 హెల్సింకీ ప్రపంచ పోటీల్లో గెలిచిన కాంస్యమైతే, క్రీడాకారుల నుంచి తీసి దాచిపెట్టిన డోపింగ్ నమూనాలను మళ్లీ పరీక్షించాక, ఎనిమిదేళ్లకు రజతంగా మారింది. పాత సర్టిఫికెట్టులో తప్పు దిద్దించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకు ఆ నిరీక్షణ కొంత అర్థమవుతుంది.

2016లో రియోలో ఆరో, అంటే ఆఖరి ప్రయత్నంలో అమెరికాకు చెందిన మిషెల్ కార్టర్ 20.63 వేసి, వలెరీ చేతిలోని స్వర్ణాన్ని తీసుకుపోయింది. ఈసారి ఏ వివాదమూ లేదు, ఓటమి ఓటమే. వలెరీ ఇద్దరు పిల్లల తల్లిగా, 36 ఏళ్ల వయసులో, 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో 19.62 మీటర్లతో కాంస్యం గెలిచింది. అదే నగరంలో కొద్ది వారాలకు, తాను శిక్షణ ఇచ్చిన చెల్లెలు లీసా పారాలింపిక్స్ షాట్‌పుట్‌లో స్వర్ణం అందుకుంది. 2022 మార్చిలో వలెరీ ఆట నుంచి తప్పుకుంది.

టోక్యో ముగిసిన కొద్ది రోజులకే, 2021 సెప్టెంబరులో, మా హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. కొత్త సింథటిక్ ట్రాక్ చూడటానికి జనం వచ్చారు. నేను గుండు వలయం కనిపించే చోటు వెతుక్కుని కూర్చున్నాను. అమ్మాయిలు వరుసగా నిలబడ్డారు. మైకులో ఒక్కొక్కరి పేరు చదువుతుంటే ఒక్కొక్కరు చెయ్యెత్తుతున్నారు. చివర నిలబడ్డ అమ్మాయి మెడ మీద తెల్లటి పొడి మరక ఉంది. ఆమె పేరు పిలిచేవరకు నేను ఊపిరి బిగబట్టుకుని ఉన్నాను. పిలిచారు. చెయ్యెత్తింది. ఆ తర్వాత ఆమె గుండు ఎంత దూరంలో పడిందో నాకు గుర్తు లేదు.