గొల్లపల్లిలో వీణ పుట్టే చోట

పేరు బొబ్బిలి వీణే అయినా, అది తయారయ్యేది ఊరిని ఆనుకుని ఉన్న గొల్లపల్లిలో. తరాలుగా సర్వసిద్ధి కుటుంబాల పని. మా అమ్మాయికి వీణ కొందామని వెళ్లి, బేరం సంగతి మరిచి పని చూస్తూ కూర్చున్నాను.

ఏకాండి వీణలో కుండా (నాదం పలికే గుండ్రటి భాగం), దండీ (పొడవాటి మెడ) ఒకే పనస దుంగలోంచి రావాలి, అతుకు ఉండకూడదు. కుండని లోపల తొలిచేటప్పుడే అసలు టెన్షన్. మందం ఎక్కువైతే నాదం మూగబోతుంది, మరీ పలచనైతే చెక్క పగులుతుంది. పనిచేస్తున్న పెద్దాయన కొలబద్ద ముట్టుకోలేదు. ఉలితో నాలుగు దెబ్బలు, వేలి కణుపుతో ఓ తట్టు, చెవి ఒగ్గడం, మళ్లీ ఉలి.

"ఎక్కడ ఆపాలో ఎలా తెలుస్తుందండీ?" అన్నాను.

"కర్రే సెప్తాది బాబూ," అన్నాడు తల ఎత్తకుండానే.

తీగల కింద స్వరాలు పలికించే 24 మెట్లని మైనంలో నిలబెట్టడం ఇంకో ఎత్తు. ఒక్కోదాన్నీ మీటి వింటూ, వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతారు. అది వడ్రంగం అనాలో సంగీతం అనాలో నాకైతే తెలీదు.

బహుమతులకిచ్చే బుల్లి వీణలకే గిరాకీ ఎక్కువట. ముద్దుగానే ఉన్నాయి గానీ, మోగని వీణ నాకెందుకో నచ్చదు. పెద్దదానికే అడ్వాన్సు ఇచ్చి వచ్చాం.