జీతం ఒక్కటే, ఊళ్లు మూడు

ఇంటి నుంచి పనిచేసే సదుపాయాన్ని ఎత్తివేస్తూ, హైదరాబాదు, బెంగళూరు, చెన్నై కార్యాలయాల్లో దేనికి వస్తారో తెలియజేయమని మా సంస్థ ఈమధ్య మమ్మల్ని అడిగింది. ఏ ఊరు కోరుకున్నా జీతంలో మార్పు ఉండదని కూడా చెప్పడంతో, మామూలుగా ఇలాంటి నిర్ణయాలను తేల్చేసే కారణం మొదట్లోనే పక్కకు తప్పుకుంది. నాకు ఇంకా పెళ్లి కాలేదు. సొంత బండి లేదు, నడపాలన్న కోరికా లేదు. కాకినాడలో అమ్మానాన్నల దగ్గరే ఉంటూ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేసుకుంటున్నాను. ఇలాంటి సమయంలో అందరూ ఇచ్చే సలహాలు ఊరి పేరుప్రతిష్ఠలు, వాతావరణం, వారాంతపు సరదాల చుట్టూ తిరుగుతాయి గాని, ఒక్కరే ఉండబోయే మనిషి చూసుకోవలసినవి వాటికంటే చిన్న విషయాలని నాకు అనిపించింది. గది నుంచి కార్యాలయానికి ఎవరి సాయమూ లేకుండా వెళ్లి, రాత్రి తొమ్మిది దాటాక కూడా అలాగే తిరిగి రాగలనా? ఒక్కదాన్నే కూర్చుని భోంచేస్తే ఎవరైనా వింతగా చూస్తారా? పండగకు ఇల్లు చేరగలనా? నేను మూడు ఊళ్లనూ ఈ ప్రశ్నలతోనే పరీక్షించాను.

నాన్నగారి మనసులో ఉన్న ఊరు వేరు. 2025లో ఋషికొండ దగ్గర టీసీఎస్‌కు 99 పైసల నామమాత్రపు ధరకు భూమి ఇచ్చారన్న వార్త, ఆ తరవాత గూగుల్ డేటా కేంద్రం ప్రకటన చదివినప్పటి నుంచి ఆయన విశాఖపట్నం మాటే ఎత్తుతున్నారు. మా సంస్థకు అక్కడ కార్యాలయం లేదు కనుక ఆ చర్చ ఎక్కువసేపు సాగలేదు.

చుట్టాలందరి ఓటూ హైదరాబాదుకే పడింది. భాష సమస్య లేదు, సాయంత్రం గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి సికింద్రాబాదు చేరుకోవచ్చు, మా కాకినాడ వాళ్లు కూకట్‌పల్లి వైపు ఎక్కడ చూసినా కనిపిస్తారు. ఈ మూడూ నిజాలే. అయితే ఆ మూడో నిజమే నన్ను ఆలోచనలో పడేసింది. పెద్దమ్మ వాళ్లది నిజాంపేట, మేనమామ ఇల్లు దిల్‌సుఖ్‌నగర్. నేను హైదరాబాదు వెళితే హాస్టల్లో ఉండడమనే ప్రశ్నే రాదని, వెళ్లీ వెళ్లకముందే ఇద్దరూ నా మంచం ఎక్కడ వెయ్యాలో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. వాళ్ల ప్రేమను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఇరవయ్యారేళ్ల పెళ్లికాని అమ్మాయి బంధువుల ఇంట్లో ఉంటే, ఆదివారం ఉదయం ఎవరో ఒకరు ‘ఊరికే చూసిపోదామని’ రావడం, వచ్చినవాళ్లతో పాటు ఒక అబ్బాయి కూడా ఉండడం మా కుటుంబాల్లో అందరికీ తెలిసిన పద్ధతే. ఒంటరిగా ఉండడం నేర్చుకోవడానికి వెళుతున్న మనిషికి హైదరాబాదు ఆ అవకాశం అన్నిటికంటే తక్కువ ఇచ్చే ఊరు. బంధువులెవరూ లేనివారికి ఈ లెక్క పూర్తిగా తిరగబడుతుందని కూడా ఒప్పుకోవాలి.

రెండో ఇబ్బంది ప్రయాణం. హైదరాబాదు మెట్రో 2017 నవంబరులో మొదలై మూడు మార్గాల్లో సుమారు 69 కిలోమీటర్లు విస్తరించినా, నాగోలు నుంచి వచ్చే మార్గం రాయదుర్గం దగ్గర ఆగిపోతుంది. మా కార్యాలయం ఉన్న నానక్‌రాంగూడ దానికి అవతల ఉంది. అంటే మెట్రో దిగాక షేర్ ఆటోనో, బస్సో, బైక్ టాక్సీయో పట్టుకోవాలి. పగలు అది పెద్ద కష్టం కాదు. అమెరికా వాళ్లతో సమావేశం ముగించుకుని రాత్రి బయటికి వచ్చేవారికి ఆ చివరి నాలుగైదు కిలోమీటర్లే అసలు ప్రయాణం. దీనికి పరిష్కారంగా చాలామంది గచ్చిబౌలి, గౌలిదొడ్డి ప్రాంతాల హాస్టళ్లలో చేరి కార్యాలయానికి నడిచి వెళుతున్నారు. అది తెలివైన పనే గాని, అప్పుడు మనం ఉండేది హైదరాబాదు అనబడే మహానగరంలో కాదు, అద్దాల మేడలకూ హాస్టళ్లకూ మధ్య ఉన్న రెండు వీధుల్లో.

హైదరాబాదుకు అనుకూలంగా ఒక మాట మాత్రం తప్పక చెప్పాలి. ఒంటరిగా బతికేవారికి కర్రీ పాయింట్‌ను మించిన సౌకర్యం నేను ఇంకెక్కడా చూడలేదు. అన్నం ఒక్కటి కుక్కర్లో పెట్టుకుంటే చాలు. పప్పు, వేపుడు, సాంబారు వీధి చివర పొట్లాలుగా దొరుకుతాయి. తెలుగునాట పెళ్లికానివారి ఆరోగ్యాన్ని నిలబెట్టిన వ్యవస్థ ఇదేనని నా నమ్మకం.

బెంగళూరులో నా స్నేహితులు ఎక్కువ. ఇంజనీరింగ్‌లో మా తరగతి వాళ్లలో చాలామంది మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ చుట్టుపక్కల పేయింగ్ గెస్ట్ వసతుల్లో, అంటే పీజీల్లో ఉన్నారు, వాళ్లు వారం వారం పంపే ఫోటోలు చూస్తే వెంటనే రైలెక్కాలనిపిస్తుంది. అయితే స్నేహితులున్నారని ఊరు ఎంచుకోవడం, ఈ వయసులో, అంత గట్టి ఆధారం కాదు. ఏడాదిలో ఒకరు పుణెకు మారతారు, ఒకరికి పెళ్లవుతుంది, ఇంకొకరు పై చదువులకని డాలస్ వెళతారు. చివరికి మనకు మిగిలేది అద్దె గది, దాని కోసం కట్టిన అడ్వాన్సు.

ఆ అడ్వాన్సు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మొదటిసారి ఇల్లు వదిలేవారికి ఇది తెలియకపోతే చాలా నష్టం. హైదరాబాదులో ఫ్లాటుకు సాధారణంగా రెండు నెలల అద్దె ముందుగా అడుగుతారు. బెంగళూరులో పది నెలల అద్దె అడగడం పాత ఆనవాయితీ. ఇప్పుడు చాలాచోట్ల అయిదారు నెలలకు దిగినా, పది అడిగేవారు ఇంకా ఉన్నారు. నెలకు 20,000 అద్దె ఉన్న చిన్న ఫ్లాటుకు పది నెలలంటే రెండు లక్షలు వడ్డీ లేకుండా యజమాని దగ్గర ఉండిపోతాయి. ఖాళీ చేసేటప్పుడు రంగులు వేయించాలంటూ అందులోంచి ఒక నెల అద్దె తగ్గించుకోవడమూ అక్కడ మామూలే. కేంద్ర ప్రభుత్వం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు రెండు నెలలు చాలంటోంది, కానీ పేరులోనే ఉన్నట్టు అది నమూనా, రాష్ట్రాలు తీసుకుంటేనే అమలు. తమిళనాడు తన 2017 చట్టంలో మూడు నెలల హద్దు పెట్టుకుంది. అక్కడ కూడా హద్దు దాటి అడిగే యజమానులు లేకపోలేదు, అయినా చట్టం మన పక్షాన ఉందన్న ధైర్యంతో బేరమాడవచ్చు. హాస్టల్ లేదా పీజీ మంచానికి మాత్రం మూడు ఊళ్లలోనూ నేను వాకబు చేసిన ధరల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

బెంగళూరులో మా కార్యాలయం అవుటర్ రింగ్ రోడ్డు మీద బెళ్లందూరు దగ్గర ఉంది. అటువైపు వాహనాల రద్దీ గురించి నేను కొత్తగా చెప్పవలసింది లేదు. అక్కడ మెట్రో 2011 నుంచి నడుస్తోంది, 2023 నాటికి వైట్‌ఫీల్డ్ దాకా, 2025 ఆగస్టులో బొమ్మసంద్ర దాకా చేరింది. సిల్క్ బోర్డు నుంచి కృష్ణరాజపురం వెళ్లే మార్గం మాత్రం, అంటే నాకు కావలసిన మార్గం, నేను ఆరా తీసేనాటికి స్తంభాల దశ దాటి ప్రయాణికుల దాకా రాలేదు. 2024 వేసవిలో అక్కడి స్నేహితులు నీళ్ల ట్యాంకరు కోసం ఎదురుచూసిన సంగతీ మరచిపోలేదు. చల్లటి గాలి గొప్ప వరమే గాని, సముద్రపు ఉక్కలో పుట్టి పెరిగిన నాకు అది నిర్ణయాన్ని మార్చేంత వరం కాదు.

చెన్నై పేరు నేను ఎత్తగానే ఇంట్లో ఆశ్చర్యపోనిది అమ్మమ్మ ఒక్కర్తే. ఆమె చిన్నతనంలో పెద్ద చదువు, పెద్ద ఆసుపత్రి, సినిమా అన్నీ మద్రాసులోనే. ‘అక్కడికి వెళ్లడానికి ఇంత ఆలోచన ఎందుకే?’ అంది. ఆ మాటలో న్యాయముంది. 1953లో రాష్ట్రం విడివడే దాకా మా జిల్లాకు రాజధాని అదే. ఆ రాష్ట్రం కోసం పొట్టి శ్రీరాములు నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరు 15న కన్నుమూసిన మైలాపూరు ఇల్లు బులుసు సాంబమూర్తిది, ఆయన కాకినాడలో వకీలుగా పనిచేసినవారు. హైదరాబాదే మనకు సహజమైన గమ్యం అన్న భావన, వయసు లెక్కన చూస్తే, మా అమ్మ తరానిది మాత్రమే.

అయితే చరిత్ర చూసి గది తీసుకోలేం. చెన్నైని నా చేత ఎంపిక చేయించింది రైలు. మా కార్యాలయం తరమణిలో ఉంది. బీచ్ స్టేషన్ నుంచి వేళచ్చేరి వెళ్లే ఎత్తైన రైలుమార్గం మైలాపూరు, మందవెళి, కోటూర్‌పురం, ఇందిరా నగర్, తిరువాన్మియూరు దాటి తరమణిలో ఆగుతుంది. కనీస టికెట్టు అయిదు రూపాయలు, నెలవారీ సీజన్ టికెట్టు ఇంకా చవక, ఆడవారికి వేరుగా పెట్టెలు. మైలాపూరు, మందవెళి వైపు ఉంటే గుడి వీధులు, కూరగాయల బజారు, మందుల దుకాణం, టిఫిన్ దొరికే చోటు అన్నీ నడిచే దూరంలో ఉంటాయి. అద్దె తరమణి పక్కనే ఉండడానికి అయ్యేదానికంటే కొంత ఎక్కువే, కానీ ఆ ఎక్కువ డబ్బుతో నేను కొనుక్కునేది రాత్రి పూట జనం తిరిగే వీధి. బండి లేని మనిషి ఆటోల మీద పెట్టే ఖర్చును కూడా కలిపి చూస్తే ఆ తేడా చాలావరకు సరిపోతుంది.

ఈ మార్గంలో లోపం లేదని అనను. ఆ స్టేషన్లు విశాలమైన సిమెంటు కట్టడాలు, లోపల చాలా భాగం వాడకుండా ఖాళీగా ఉంటుంది, రాత్రి వేళ మెట్లు దిగుతుంటే ఎదురుగా మనిషి కనిపించడు. అందుకే తొమ్మిది దాటితే రైలు కాకుండా బస్సు పట్టుకోవాలని ముందే అనుకున్నాను, బస్సులు తిరిగే మందవెళి వైపు మొగ్గడానికి అదొక కారణం. బస్సు అంటే ఇంకో సంగతి ఉంది. మహిళలకు ఉచిత ప్రయాణం ఇప్పుడు నాలుగు రాష్ట్రాల్లోనూ ఉంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, కర్ణాటకలో అదే ఏడాది జూన్ నుంచి, మన దగ్గర 2025 ఆగస్టు 15 నుంచి. ఈ మూడుచోట్లా ఆ రాష్ట్రపు చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపాలి. ఆధార్‌లో కాకినాడ చిరునామా ఉన్న నేను హైదరాబాదు బస్సులో టికెట్టు కొనవలసిందే, చిరునామా మార్చుకుంటే సెలవులకు వచ్చినప్పుడు ఇక్కడ కొనవలసిందే. తమిళనాడులో 2021 నుంచి సాధారణ నగర బస్సుల్లో ఏ కార్డూ అడగకుండా ఎక్కనిస్తున్నారు. ఇది నెలకు మిగిల్చేది కొద్ది మొత్తమే, కాని వలస వచ్చిన మనిషిని ఊరు ఎలా చూస్తుందో ఇలాంటి నిబంధనల్లో తెలుస్తుందని నేను అనుకుంటాను.

భోజనం విషయంలో కూడా చెన్నైకే ఎక్కువ మార్కులు వేశాను. మెస్సులో, టిఫిన్ హోటల్లో ఒంటరిగా కూర్చుని తిని లేచి వెళ్లే ఆడవాళ్లు అక్కడ అన్ని వయసుల వాళ్లూ కనిపిస్తారు, పక్క బల్ల వాళ్లు తలెత్తి కూడా చూడరు. కారం తక్కువన్న ఫిర్యాదుకు ఆవకాయ సీసా ఉంది. తమిళం మెల్లగా వచ్చేస్తుంది, అక్షరాలు ఇప్పటికే కూడబలుక్కుంటున్నాను.

నాన్నగారి భయం వరదలు. 2015 డిసెంబరు సంగతి అందరికీ తెలుసు, 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను అంతకుముందే చెన్నైని ముంచి వెళ్లింది. ఆ భయం సబబైనదే గనుక పల్లపు ప్రాంతమైన వేళచ్చేరిని జాబితాలోంచి తీసేసి, ఎక్కడైనా సరే కింది అంతస్తు గది వద్దని నిశ్చయించుకున్నాం. కాకినాడ వాళ్లకు తుపాను లేని ఊరు కావాలని అడిగే హక్కు ఎలాగూ లేదు.

ఇంటికి రావడానికి సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఉంది, అది కాకపోతే మెయిన్ లైను రైళ్లలో సామర్లకోట దాకా వచ్చి అక్కడి నుంచి బస్సెక్కవచ్చు. గౌతమితో పోలిస్తే ప్రయాణం ఎక్కువసేపే. కానీ సంక్రాంతికి హైదరాబాదు నుంచి గోదావరి జిల్లాలకు బెర్తు సంపాదించడం ఎలాంటి పనో తెలిసినవారికి చెప్పనక్కర్లేదు. 2024 నవంబరు నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గినా తెరిచిన కాసేపటికే నిండిపోవడం ఆగలేదు. పొంగలుకు చెన్నై నుంచి పెద్ద జనసందోహం మధురై, తిరునెల్వేలి వైపు కదులుతుంది, ఉత్తరానికి వచ్చేవాళ్లం వాళ్లతో పోలిస్తే తక్కువమంది.

నా ఎంపికలో బలహీనమైన భాగం ఉద్యోగమే. ఈ ఉద్యోగం పోతే రెండోది దొరికే అవకాశం బెంగళూరులో ఎక్కువ, ఆ తరవాత హైదరాబాదులో. నా పనికి చెన్నైలో సంస్థలు ఉన్నా అన్ని లేవు. అందుకని ఫ్లాటు జోలికి పోకుండా మొదట హాస్టల్లోనే చేరుతున్నాను, నెల అడ్వాన్సు, నెల ముందు చెబితే ఖాళీ చేయవచ్చు. నాలుగు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు విడిగా దాచి, దాన్ని బ్యాంకులో వేరే ఖాతాలో పెట్టాను. సంస్థకు చెన్నై అని రాసి పంపిన సాయంత్రమే పెద్దమ్మ ఫోను చేసి, తాంబరంలో తన తోటికోడలి చెల్లెలు ఉందని, వాళ్లబ్బాయి కూడా సాఫ్ట్‌వేరేనని చెప్పింది.