కరెంటు పోతే చెరిగే గీతలు

రిటైరయ్యేదాకా నువ్వు చేసిన ఉద్యోగం ఏందిరా అని మన బ్యాచ్ వాళ్లు అడుగుతుంటారు. జెల్లీలో కరెంటు పెట్టి ప్రొటీన్లని నడిపించాను అంటే నవ్వుతారు. ఆ పనినే ఎలెక్ట్రోఫోరెసిస్ అంటారు, ఆ మాట నేను మొదట విన్నది నెల్లూరులో మన ల్యాబులోనే, 1979లో. బఫర్ అనే ఉప్పుల ద్రావణంలో తడిపిన ఫిల్టర్ పేపరు, దాని మీద సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం) చుక్క, రెండు చివర్లా కరెంటు, రాత్రంతా నడవాలి. సీరంలోని ప్రొటీన్లలో అల్బుమిన్ ముందు ఉరుకుతుంది, గామా గ్లోబ్యులిన్ బయల్దేరిన చోటే బద్ధకంగా కూర్చుంటుంది. మధ్యలో కరెంటు పోయిందా, పొద్దునకి ముగ్గు మీద నీళ్లు చల్లినట్టే!

కాగితం మీద ఐదారు పట్టీలకి మించి విడిపోవు. 1955లోనే టొరంటోలో ఆలివర్ స్మిథీస్ అనే శాస్త్రవేత్త, చిన్నప్పుడు వాళ్లమ్మ బట్టలకి పెట్టే గంజి చల్లారి గడ్డకట్టడం గుర్తొచ్చి, బంగాళాదుంప గంజిపొడితో జెల్ పోసి సీరం నడిపితే ఇంకెన్నో పట్టీలు విడిపోయాయట. మా అమ్మ కూడా వెంకటగిరి చీరలకి గంజి పెట్టేది, గిన్నెలో మిగిలిన దాని మీది తెట్టుని వేలితో లాగి ఆడుకున్నవాణ్ణే నేను, తట్టలేదు.

హైదరాబాద్ వెళ్లేసరికి లామ్లీ అనే శాస్త్రవేత్త 1970లో రాసిన పద్ధతి అందరి చేతుల్లోనూ ఉంది. ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్ ప్రొటీన్‌ని విప్పి ఒళ్లంతా నెగటివ్ చార్జ్ పూస్తుంది, ఇక మిగిలేది సైజు తేడానే. రెండు గాజు పలకల మధ్య జెల్‌గా గట్టిపడే అక్రిలమైడ్ ద్రావణం పోస్తుంటే కింద కారిపోవడం, శాంపిల్ పోసే గుంటల కోసం గుచ్చిన దువ్వెన లాగేటప్పుడు వాటి గోడలు చిరగడం... ఒకసారి వైర్లు తిరగేసి తగిలించాను, మూడు వారాలు కష్టపడి శుద్ధి చేసిన ప్రొటీన్ పైకెక్కి బఫర్ తొట్టిలో కలిసిపోయింది. తర్వాత సన్నటి గాజు గొట్టాల్లో డీఎన్‌ఏ నడిపే మిషన్లొచ్చాయి, రెడీమేడ్ జెల్స్ వచ్చాయి. చేతిపని పోయిందని నాకేం బాధ లేదు, గట్టిపడక ముందు అక్రిలమైడ్ నరాలకి విషం.

విడవలూరు దగ్గర మా బావకి రొయ్యల చెరువులు. తొంభైల్లో తెల్లమచ్చ వైరస్ మన తీరాన్ని ఊడ్చిపెట్టాక, పీసీఆర్ (వైరస్ డీఎన్‌ఏని ఎన్నో రెట్లు పెంచి పట్టుకునే టెస్టు) చేయించకుండా చెరువులో రొయ్యపిల్ల దించడానికి భయపడేవాళ్లు. ఒకసారి ఆయనతో టెస్టుకి వెళ్లాను. యూవీ దీపం మీద డీఎన్‌ఏ నడిపిన అగరోజ్ జెల్, పాజిటివ్ కంట్రోల్ (వైరస్ ఉందని ముందే తెలిసిన శాంపిల్) నారింజ రంగులో వెలుగుతోంది, సరిగ్గా అదే ఎత్తులో బావ శాంపిల్లో వెంట్రుకంత గీత.

"ఏంది బావా, కళ్లు చికిలించుకుంటే గానీ కనపడటం లేదు, ఇదీ లెక్కేనా?"

లెక్కే అన్నాను. పిల్లకి ఇచ్చిన అడ్వాన్సు వదులుకొని బండి స్టార్ట్ చేశాడు, ఇంటికొచ్చేదాకా నాతో మాట్లాడలేదు.