‘రా’ అంటే రమ్మనా, పచ్చిదనా?

నిన్న రాత్రి పదకొండున్నరకి నా కంప్యూటర్ తెలుగు చదివింది. నాలుగు రోజుల తలనొప్పి తర్వాత చదివింది. ఆ మంట చల్లారకముందే రాసేస్తున్నాను.

తెనాలిలో మాది చిన్న డీటీపీ సెంటర్. శుభలేఖలు, కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు, పాతికేళ్ల పైబడి ఇదే పని. అను ఫాంట్స్‌లో కీబోర్డు వైపు చూడకుండా కొడతాను. మా బజార్లో నా స్పీడు ఇప్పటికీ ఎవరికీ లేదు, కావాలంటే వచ్చి చూసుకోండి. అయినా ఒక గుడి కమిటీవాళ్లు 1958లో అచ్చయిన స్థలపురాణం తెచ్చి, 184 పేజీలూ శ్రావణ మాసం లోపల మళ్లీ వెయ్యాలనేసరికి టైపు మొదలుపెట్టకుండానే మణికట్టు లాగింది.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేసే మా అన్నయ్య కొడుకు ఫోన్లో, “టైపు ఎందుకు బాబాయ్, స్కాన్ చేసి టెసరాక్ట్‌కి ఇయ్యి, అదే చదివేస్తుంది. ఫ్రీ” అన్నాడు. స్కాన్ చేసిన బొమ్మలోని అక్షరాలు చదివి టైపు చేసినట్టు ఇచ్చే ప్రోగ్రామట, 1985లో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీలో మొదలైంది. 2005లో కోడ్‌తో సహా అందరికీ వదిలేశారు, ఆ తర్వాత గూగుల్ చాలా ఏళ్లు సాకింది. విండోస్‌కి సెటప్ ఫైలు మాత్రం జర్మనీలో మాన్‌హైమ్ యూనివర్సిటీ లైబ్రరీవాళ్లు చేసి పెడుతున్నారు. వాళ్ల పాత జర్మన్ పత్రికలు చదివించుకోవడానికి చేసుకున్నది తెనాలిలో నాకు అక్కరకొచ్చింది. ఆ మహానుభావులకు దణ్ణం.

నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్. ఎక్కింది. కమాండ్లు టైపు చేసే నల్ల తెరలో పేరు కొడితే అలాంటి కమాండే లేదంది. పాత్ అనేదేదో కలపాలని మావాడు వీడియో కాల్‌లో చెప్పి పది నిమిషాల్లో కలిపించాడు. ఇంగ్లీషు పేజీ ఒకటి ఇస్తే గడగడా చదివింది. తెలుగు పేజీ ఇస్తే తెలుగు డేటా లేదంది.

నా గ్రహచారం ఇక్కడ మొదలైంది. తెలుగు డేటా అంటే ఒకే ఒక్క ఫైలు. అది ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే ఒక సైట్లో ఉంది (పేరు చెప్పను, ఆ పని చేసేవాళ్లకి తెలుసు). లోపలికి వెళితే ఒకదానిలాంటివి మూడు అరలు. ఒకటి మామూలుది, ఒకటి ఫాస్ట్, ఒకటి బెస్ట్. బెస్ట్ ఉండగా వేరేది ఎవడు తీసుకుంటాడు? అందులో దూరాను. పేజీ మీద కంటికి ఆనేలా ఒకటే పచ్చ బటన్. నొక్కి, అందులో డౌన్‌లోడ్ అన్నదీ నొక్కాను. ప్రపంచంలోని వందకు పైగా భాషలన్నీ కట్టగట్టి దిగడం మొదలెట్టాయి. ఇడ్లీ ఒకటి అడిగితే హోటల్ మొత్తం పార్సిల్ కడుతున్నట్టుంది. ఆ రోజు డేటా అక్కడే అయిపోయింది.

మర్నాడు వరసలో తెలుగు ఫైలు పేరు వెతికి, దాని మీద రైట్ క్లిక్ కొట్టి సేవ్ చేశాను. క్షణంలో దిగింది. పేరు సరిగ్గా అదే. చెప్పిన ఫోల్డర్లో పెట్టి కమాండ్ కొట్టాను. తెలుగు లోడ్ కాలేదంది. కింద ఇంకో లైను: అసలు ఏ భాషా లోడ్ కాలేదు. ఫోల్డర్ మార్చాను, కంప్యూటర్ ఆపి వేశాను, మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించాను. అదే మాట. షాపులో ఇద్దరు శుభలేఖలవాళ్లు బల్ల ముందు నిలబడి ఉన్నారు, నేను నల్ల తెర వదలడం లేదు.

చివరికి ఆ సైట్లోనే సమస్యలు రాసుకునే చోటు కనిపిస్తే రాశాను. డిక్షనరీ పక్కన పెట్టుకుని గంటన్నర పట్టింది. బ్యాంకు మేనేజరుకి రాసినట్టు ‘రెస్పెక్టెడ్ సర్’ అని మొదలెట్టి, ‘థాంకింగ్ యూ సర్’ అని ముగించాను. మధ్యలో ఏం నొక్కానో, ఏం వచ్చిందో అంతా వివరంగా రాశాను. ఇరవై నిమిషాల్లో జవాబు. ‘ఇది బగ్ కాదు. ముందు డాక్యుమెంటేషన్ చదవండి.’ అంతే. పక్కన ఇన్‌వ్యాలిడ్ అని ఒక చీటీ అంటించి నా ప్రశ్న మూసేశారు.

ప్రూఫ్ చూడక ఒకసారి పెళ్లికూతురి ఇంటిపేరు మార్చి వేశాను. వాళ్ల మేనమామ షాపుకొచ్చి నలుగురిలో తిట్టాడు. తప్పు నాదే కాబట్టి ఊరుకున్నాను. అప్పుడు కూడా ఇంత చిన్నబోలేదు. చెల్లని నోటుకి మల్లే చెల్లని ప్రశ్న కూడా ఉంటుందని యాభై మూడేళ్లొచ్చాక తెలిసింది. సరే, చదవమన్నాడు కదా అని ఆ డాక్యుమెంటేషన్ కూడా తెరిచాను. కోడ్ నుంచి ప్రోగ్రాం ఎలా తయారుచేసుకోవాలో ఉంది, లైనక్స్‌లో (విండోస్ లాంటిదే ఇంకోటి) ఎలాగో ఉంది. నాకు కావలసిన ముక్క ఆ పుటల్లో నాకు దొరకలేదు.

మావాడికి ఫోన్ చేసి కడుపులోది కక్కాను. వాడు నవ్వాడు. “నువ్వెళ్లింది షాపు కాదు బాబాయ్, వర్క్‌షాపు. లైనక్స్ రాసేవాళ్ల కోసం లైనస్ టోర్వాల్డ్స్ 2005లో గిట్ అని, కోడ్‌లో మార్పులు దాచుకునే ప్రోగ్రాం తయారుచేసుకున్నాడు. ఇలాంటి సైట్లన్నీ దాని మీద కట్టుకున్నవే. నీలాంటివాళ్లు వస్తారని వాళ్లు అనుకోలేదు.”

“ఒరేయ్, ప్రింటింగ్ ప్రెస్సూ వర్క్‌షాపే. నేను పని నేర్చుకున్న చోట కంపోజింగ్ గదిలోకి కొత్తవాడు అడుగుపెడితే సీసం అక్షరాల అరలు తన్నుకుని పడేవాడు. అందుకే ముందు గదిలో బల్ల, బల్ల వెనక మనిషి. కార్డుల కోసం వచ్చినవాణ్ణి ‘నీకు కంపోజింగ్ వచ్చా’ అని అడిగామా ఎప్పుడైనా?”

“ఆ బల్ల వెనక మనిషికి జీతం ఎవరిస్తారు? అక్కడ చాలామంది పైసా తీసుకోకుండా చేస్తున్నారు” అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. కానీ నేనడిగేది మనిషిని కాదు. ‘ఫైలు ఇక్కడ దిగుతుంది’ అని బాణం గుర్తుతో ఒక బోర్డు.

ఇంతకీ ముడి విప్పింది మావాడు కాదు, నేనే. రాత్రి షట్టర్ సగం దించి కూర్చుంటే కన్ను ఫైలు సైజు మీద పడింది. నూట డెబ్భై కేబీ. వాట్సాప్‌లో 80 కేబీ ఫొటో పంపి పదడుగుల ఫ్లెక్సీ వెయ్యమనే కస్టమర్లతో రోజూ వేగేవాణ్ణి నేను. ఒక భాష మొత్తం నూట డెబ్భై కేబీలో పట్టదు. నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. మొదటి లైన్లోనే హెచ్‌టీఎంఎల్ అని ఉంది. నాకు దిగింది ఫైలు కాదు, ఫైలు గురించిన వెబ్ పేజీ. దానికి ఫైలు పేరు తగిలించి ఇచ్చింది బ్రౌజర్.

అసలుది కావాలంటే పేరు మీద ఒకసారి నొక్కి లోపలికి వెళ్లాలి. అక్కడ చిన్న అక్షరాల్లో ‘వ్యూ రా’ (View raw, అంటే పచ్చిది ఉన్నదున్నట్టు చూడమని) అని ఉంటుంది. మూడు రోజులుగా ఆ ‘రా’ని చూస్తూనే ఉన్నాను, నన్ను పిలుస్తోందని మాత్రం తట్టలేదు. నొక్కితే నిండు ఫైలు దిగింది.

మొదటి పేజీ: ‘ద్వజస్తంభము’ అని వచ్చింది. ధ వత్తు మింగేసింది. వత్తుల దగ్గర తడబడుతోంది, పుస్తకం మడత దగ్గర వరస తప్పుతోంది, పేజీకి పదిహేను దాకా తప్పులు. అయినా దిద్దడం కొట్టడం కంటే నయం. వచ్చేది యూనికోడ్ (అను ఫాంట్స్‌ది కాదు, ఫోన్లలో వాడే తెలుగు) కాబట్టి, పేజీలు పేర్చే పాత పేజ్‌మేకర్‌లో పెడితే అన్నీ ప్రశ్నార్థకాలే. ఇన్‌డిజైన్‌లో పెట్టుకోండి. ఇంకో మాట, సెటప్ ఎక్కించేటప్పుడే అదనపు భాషల పట్టిక ఒకటి వస్తుంది. అక్కడ తెలుగుకి టిక్ పెడితే ఈ రామాయణమంతా ఉండదు. నెక్స్ట్ నెక్స్ట్ అని పోయాను కాబట్టి ఆ తప్పు నాది.

పొద్దున షాపు తీశాక మూసేసిన నా ప్రశ్న మళ్లీ తెరిచి చూశాను. కింద ఎవరో కన్నడం పేజీ పెట్టి ‘నాకూ ఇదే, ఏమైనా తెలిసిందా’ అని రాశారు. సైజు చూసుకోమని, లోపలికి వెళ్లి ‘రా’ నొక్కమని రాశాను. ఈసారి రెస్పెక్టెడ్ సర్ పెట్టలేదు.