పల్లవిని సాక్సోఫోన్ పాడిన పాట

నేను పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను. అందుకేనేమో, ఏ పాట విన్నా ముందు పల్లవి ఎక్కడుందో చూస్తాను. జెర్రీ రాఫర్టీ పాడిన ఇంగ్లీషు పాట 'బేకర్ స్ట్రీట్'లో అది గొంతులో లేదు. చరణం అవ్వగానే సింగర్ పల్లవి ఎత్తుకోవాల్సిన చోట ఆయన ఆగిపోతాడు, సాక్సోఫోన్ అందుకుంటుంది. పాట పేరు కూడా మొదటి లైన్లో ఒక్కసారి వినిపిస్తుంది, అంతే. హిట్ కావాలంటే పేరు పదిసార్లు పాడించాలనే వాళ్ళకి ఈ పాట వినిపించాలనిపిస్తుంది.

రాఫర్టీది స్కాట్లండ్‌లోని పైస్లీ. తన 'స్టీలర్స్ వీల్' బ్యాండ్ 1975లో విడిపోయాక కాంట్రాక్టు గొడవల్లో ఇరుక్కుని మూడేళ్ళు రికార్డు తేలేకపోయాడు. లాయర్లతో మాట్లాడటానికి లండన్ వచ్చినప్పుడల్లా బేకర్ స్ట్రీట్ దగ్గర స్నేహితుడి ఫ్లాట్‌లో దిగేవాడు. రాత్రంతా కూర్చుని ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ గిటార్ వాయించుకునేవాళ్ళట. ఆ అలసట, ఎప్పుడు ఇల్లు చేరతానా అన్న ఆరాటం చరణాల్లో అలాగే ఉన్నాయి. ఆయన గొంతు పెంచడు. పక్కన కూర్చుని చెబుతున్నట్టు పాడతాడు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే.

1978లో పాట విడుదలైంది. బ్రిటన్‌లో మూడో స్థానం దాకా వెళ్ళింది. అమెరికాలో బిల్‌బోర్డ్ చార్టులో ఆరు వారాలు రెండో స్థానంలోనే ఉండిపోయింది, పైన ఆండీ గిబ్ పాట 'షాడో డాన్సింగ్' కదల్లేదు మరి. కానీ ఈ పాట ఉన్న ఆల్బమ్ 'సిటీ టు సిటీ' మాత్రం అదే ఏడాది జులైలో అమెరికా ఆల్బమ్ చార్టులో మొదటి స్థానానికి చేరింది. 24 వారాలుగా అక్కడ కూర్చున్న డిస్కో సినిమా పాటల ఆల్బమ్ 'సాటర్డే నైట్ ఫీవర్'ని దింపి మరీ! ఊరంతా డిస్కో మోగుతున్న రోజుల్లో ఇంత నెమ్మదైన మనిషి అంత పని చేశాడంటే నాకు ఇప్పటికీ సంబరంగా ఉంటుంది.

సాక్స్ వాయించిన రఫాయెల్ రేవెన్స్‌క్రాఫ్ట్‌కి ఎంత పేరొచ్చినా తక్కువే. ఆ ఊపిరి, ఆ విరుపు ఇంకొకరి వల్ల కాదు. మా కీబోర్డుల్లో సాక్స్ టోన్ పెట్టి వాయిస్తే బిట్ వస్తుంది గానీ ప్రాణం రాదు. అయితే ఆ ట్యూన్ రేవెన్స్‌క్రాఫ్ట్‌దా, రాఫర్టీదా అన్న వాదం చాలాకాలం నడిచింది. రాఫర్టీ 2011 జనవరిలో చనిపోయాడు. అదే ఏడాది ఆల్బమ్‌ని మళ్ళీ విడుదల చేసినప్పుడు పాట డెమో, అంటే అసలు రికార్డింగుకి ముందు చేసిన నమూనా కూడా చేర్చారు. అందులో సాక్స్ లేదు. అదే ట్యూన్ గిటార్ మీద ఉంది. నాకైతే ఇంక సందేహం లేదు, పల్లవి కూడా రాఫర్టీదే. ఒరిజినల్ బాగా తెలిసినవాళ్ళు ఆ డెమో తప్పకుండా వినండి.