సూది నుంచి మాత్రకి: మా బాబు విషయంలో నా అనుభవం

మా బాబు పుట్టిన 54వ రోజు. పాలు బాగానే తాగుతున్నాడు, గుడ్డలు తెగ తడుపుతున్నాడు, ఒళ్లు మాత్రం చేయట్లేదు. "పాలు చాలట్లేదేమోనమ్మా" అన్నారు అత్తయ్య. ఆ రాత్రే ఆయాసపడటం మొదలైంది, ఆస్పత్రికి పరిగెత్తాం. మడమ మీద పొడిచి గ్లూకోమీటర్ పెడితే అంకె రాలేదు, 'హై' అని వచ్చింది. అంటే మీటర్ కొలవలేనంత షుగర్.

ఐసీయూ నుంచి ఇంటికొచ్చాక ఇన్సులిన్ నేనే వేయాలి. వాడికి కావలసినంత తక్కువ మోతాదు కొలవాలంటే ఇన్సులిన్‌ని పల్చన చేయాల్సిందే. రాత్రి 2 గంటలకి ఆ చిన్న మడమ మీద పాత చుక్కల మధ్య కొత్త చోటు వెతుక్కునేదాన్ని. అది ఇంకా కలలోకి వస్తుంది.

ఆరు నెలల్లోపు షుగర్ వస్తే అది చాలావరకు టైప్ 1 (పిల్లల్లో మామూలుగా వచ్చే షుగర్) కాదని, జీన్ పరీక్ష చేయించాలని డాక్టర్‌గారు చెప్పారు. రక్తం చెన్నై పంపారు. నెలపైనే టెన్షన్. కేసీఎన్‌జే11 జీన్‌లో మార్పు ఉందని రిపోర్ట్ వచ్చింది. నేను ఏడ్చేశాను. డాక్టర్‌గారు కాగితం మీద గుండ్రంగా ఒక కణం గీశారు.

"ఇది క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణం. గ్లూకోజ్ లోపలికెళ్లి ఖర్చయితే ఏటీపీ అనే శక్తినిచ్చే అణువు పుడుతుంది. అది పొర మీదున్న పొటాషియం తలుపు మూస్తుంది. అప్పుడు పొర వోల్టేజీ మారి కాల్షియం తలుపు తెరుచుకుంటుంది. కాల్షియం బయట దాదాపు 10 వేల రెట్లు ఎక్కువ, తోసుకుని వచ్చేస్తుంది. అది వస్తేనే సంచుల్లో ఉన్న ఇన్సులిన్ రక్తంలోకి దిగుతుంది. మీవాడికి ఈ జీన్ మార్పు వల్ల ఆ మొదటి తలుపు మూతపడట్లేదు, అందుకే కాల్షియం రావట్లేదు. ఇన్సులిన్ మాత్రం లోపలే ఉందమ్మా."

ఆ చివరి మాట పట్టుకునే నేను నిలబడ్డాను.

మందు గ్లిబెంక్లమైడ్. మామయ్యగారు షుగర్‌కి ఏళ్లుగా వేసుకున్న మాత్రే! ఏటీపీ మూయలేని తలుపుని ఇది మూస్తుందట. ఈ జీన్ సంగతి 2004లో తెలిసింది. 2006లో వచ్చిన అధ్యయనంలో 49 మందిలో 44 మంది ఇన్సులిన్ మానగలిగారు. టైప్ 1 పిల్లలకి మాత్రం ఇది పనికిరాదు, వాళ్లలో బీటా కణాలే నశించిపోతాయి. మావాడి సంగతి విని ఎవరూ సొంతంగా మాత్రలు మొదలుపెట్టకండి, దయచేసి.

మళ్లీ ఆస్పత్రిలో చేరాం. మాత్రని రెండు చెంచాల మధ్య నలిపి, నీళ్లలో కలిపి, సూది తీసేసిన సిరంజితో బుగ్గలోకి పోసేవాళ్లం. రోజూ మోతాదు పెంచుతున్నారు. నాలుగో రోజుకి కూడా షుగర్ 310, 290. నాకు ఆశ పోయింది. ఆరో రోజు 180. ఎనిమిదో రోజు పొద్దున పాలకి ముందు 118. ఇన్సులిన్ తెచ్చిన నర్సుతో "ఈ పూట వద్దు, చూద్దాం" అన్నారు డాక్టర్‌గారు. మధ్యాహ్నమూ వేయలేదు, రాత్రీ వేయలేదు.

తర్వాత సీ-పెప్టైడ్ పరీక్ష చేశారు. ఒంట్లో ఇన్సులిన్ తయారైతేనే అది రక్తంలో కనిపిస్తుంది. మొదట్లో ఇంచుమించు ఏమీ లేనిది, ఈసారి పెరిగింది. "ఇది మీవాడి సొంత ఇన్సులినే" అన్నారావిడ. ఆ కణం బొమ్మ గీసిన కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది.