సి షిఫ్ట్‌లో ఉన్నవాళ్ళకి చెప్పిన వార్త

మా అపార్ట్‌మెంట్‌లో ఈసారి క్రిస్మస్‌కి పదకొండు బాల్కనీల్లో స్టార్లు వెలుగుతున్నాయి, అందులో చర్చికి వెళ్ళే ఇళ్ళు మాతో కలిపి మూడే. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక ఒక పెద్దాయన దీని మీదే గట్టిగా మాట్లాడారు, నమ్మకం లేనోళ్ళకి స్టార్ ఎందుకండీ, వాళ్ళకిది కేకు పండగ, మనకి దేవుని పండగ, రెండూ కలిపేస్తే ఎలా అని. అందరూ తలూపారు. పెద్దాయన కదా అని నేనేమీ అనలేదు గానీ ఇంటికొచ్చాక మనసు ఊరుకోలేదు, అందుకే ఇది రాస్తున్నా.

బైబిల్లో లూకా రెండో అధ్యాయం మనకి నోటికొచ్చు కదా. యేసు పుట్టిన రాత్రి గొర్రెల కాపరులతో దూత ఏమన్నాడు? "ప్రజలందరికిని కలుగబోవు మహా సంతోషకరమైన సువర్తమానము" అన్నాడు. ప్రజలందరికిని! ఎదురింటి పాప ఆ స్టార్ వెలుగులో కూర్చుని హోంవర్క్ చేసుకుంటుంటే నాకు ముచ్చటేస్తుంది, ఆ సంతోషం మన దగ్గర కాజేసింది కాదు, దూత పంచిపెట్టమన్నదే. ఇంకోటి, ఈ లూకా సువార్త తెలుగులోకి వచ్చింది మన ఊరి మీదుగానే. 1805లో విశాఖపట్నంలో దిగిన లండన్ మిషన్ వాళ్ళు జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్, వాళ్ళకి తోడు ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి, వీళ్ళ కష్టం వల్ల 1812లో బెంగాల్‌లోని సేరంపూర్‌లో అచ్చయింది. అచ్చయిన పుస్తకం చూడ్డానికి ఆ ఇద్దరు దొరలూ అప్పటికి బతికి లేరు. చదివేవాడు నమ్ముతాడా లేదా అని ముందే అడిగి ఎవరైనా సువార్త అచ్చేస్తారా చెప్పండి.

ఇది దేవుని పండగా లోకం పండగా అన్న గొడవ ఇవాళ్టిది కాదు. డిసెంబర్ 25 అని వాక్యంలో ఎక్కడా లేదు, ఆర్మేనియా సంఘం ఇప్పటికీ జనవరి 6నే చేస్తుంది. 1659లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో క్రిస్మస్ చేసుకుంటే ఐదు షిల్లింగుల జరిమానా అని చట్టం పెట్టారు, పెట్టింది నాస్తికులు కాదండీ, బైబిల్‌ని ప్రాణంగా చూసుకునే ప్యూరిటన్లు, వాక్యంలో లేని పండగ, తాగి తిరగడానికి వంక అని వాళ్ళ బాధ. అదే దేశం 1870లో దాన్ని ప్రభుత్వ సెలవు చేసుకుంది. జపాన్‌లో క్రైస్తవులు ఎక్కడో నూటికొకరు, సెలవు కూడా లేదు, అయినా ఆ పూట వేయించిన చికెన్‌కీ క్రీమ్ కేకుకీ ముందే ఆర్డర్లు పెట్టుకుంటారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు, వాళ్ళకి చెప్పినంత వరకు వాళ్ళు చేసుకుంటున్నారు.

నా బాధంతా మన మీదే. ప్రజలందరికిని అన్న ఆ పదో వచనం పాడతాం, పన్నెండో వచనం దగ్గర జారుకుంటాం. "దానికిదే మీకానవాలు" అన్నాడు దూత, ఆనవాలు ఏంటి? పొత్తిగుడ్డలు, తొట్టి. ఈ తొట్టి దగ్గర నేను ప్రతి ఏడూ ఆగిపోతాను. మా అమ్మమ్మ వాళ్ళ ఊరు అనకాపల్లి అవతల, అక్కడ పాకలో గాడి, అంటే పశువులకి మేత వేసే తొట్టి, ఉండేది, చిన్నప్పుడు దాంట్లో గడ్డి వెయ్యడం నా పని. గేదె మూతి పెట్టి పెట్టి దాని అంచు నున్నగా అరిగిపోయి ఉండేది, ఎప్పుడు చెయ్యి పెట్టినా తడిగా జిగటగా చొంగ, పక్కన పేడ, ఈగలు, వానాకాలం అయితే ఆ వాసన రెండ్రోజులు చేతుల్ని వదిలేది కాదు. అలాంటి గాడిలో పెట్టారు యేసుని. గాడి అంటే ఏంటి, ఆకలేసిన జీవం వచ్చి మూతి పెట్టే చోటు. ఆయన పుట్టిన బేత్లెహేము అంటే రొట్టెల ఇల్లు అని మనకి తెలిసిందే, ఆ రొట్టెల ఇంట్లో ఆయన్ని తిండి పెట్టే చోటే పడుకోబెట్టారు, తర్వాత నేనే జీవాహారమును అన్నది ఆయనే. ఇది తలుచుకుంటే నాకు మాట రాదు. గేదె గాడి దగ్గరికి వచ్చేటప్పుడు నువ్వు ఏ ఇంటి గేదెవి అని గాడి అడగదు.

మరి మనమో, ఆయన పుట్టిన చోటుకి గుర్తుగా కట్టే థర్మాకోల్ పాకకి ఎల్ఈడీ లైట్లు పెట్టి పక్క సంఘం వాళ్ళ కంటే పెద్దదా కాదా అని చూసుకుంటున్నాం, పండగకి ముందే సెమీ క్రిస్మస్ అని స్టేజీ కట్టి గంట సేపు శాలువాలు కప్పుకుని వాక్యానికి పది నిమిషాలు ఇస్తున్నాం. దయచేసి మానండి. పాకని చిన్నగానే కట్టండి. 24 రాత్రి ఇంటికి వెళ్ళేముందు ఆ తొట్టి ముందు ఐదు నిమిషాలు ఊరికే నిలబడండి, ఫోటో తియ్యకండి. మీ వీధిలో ఎవరు ఆకలితో ఉన్నారో ఒకసారి చూడండి, మీ బిర్యానీ గిన్నె ముందు అటు వెళ్ళాలి.

మా నాన్న స్టీల్ ప్లాంట్‌లో చేసేవారు. గోదావరి, కృష్ణ అని నదుల పేర్లు పెట్టిన ఆ ఫర్నేసులు పండగొచ్చిందని ఆగవు, ఎవరో ఒకరు రాత్రంతా నిలబడాల్సిందే. గొర్రెల కాపరులు కూడా అంతే కదా, రాత్రి కాపలా, మన లెక్కలో సి షిఫ్ట్. నాకు పదేళ్ళప్పుడు 24 రాత్రి నాన్నకి సి షిఫ్ట్ పడింది. పక్క క్వార్టర్ మావయ్య, సింహాచలం అప్పన్న భక్తుడు, ప్రతి చందనోత్సవానికీ క్యూలో నిలబడే మనిషి, తనే వచ్చి నాన్నతో మార్చుకున్నాడు, పిల్లల్ని తీసుకుని గుడికెళ్ళు బావా అని. మన చర్చిని గుడి అనే పిలిచేవాడు ఆయన. సంక్రాంతికి భోగి రాత్రి ఆయన బదులు నాన్న వెళ్ళారు.

పొద్దున్న ఆరు దాటాక షిఫ్ట్ దిగి ప్లాంట్ బట్టల్తోనే మా ఇంటికి వచ్చాడు మావయ్య. అమ్మ అరిసెలు పెట్టి కాఫీ ఇచ్చింది. గుమ్మం పక్కన నేనూ తమ్ముడూ కట్టిన పాక ఉంది, దాని ముందు గొంతుకూర్చున్నాడు, చాలాసేపు చూశాడు. "గడ్డి ఇలాగేనేట్రా ఏసేది, పిల్లోడికి గుచ్చుకోదూ" అని బొమ్మని అరచేతిలోకి తీసుకుని, ఇంకో చేత్తో గడ్డి అంతా మెత్తగా నలిపి పరిచి, మళ్ళీ పడుకోబెట్టాడు.